అన్నపూర్ణ ఎక్కిన ఆడవాళ్లు

అన్నపూర్ణ అంటే మనకి గరిటె పట్టుకుని శివుడికి భిక్ష పెట్టిన తల్లి. నేపాల్‌లో ఆ పేరుతోనే 8,091 మీటర్ల శిఖరం ఒకటుంది. ఎక్కబోయిన వాళ్లని ఎంతోమందిని పొట్టన పెట్టుకున్న కొండ. దానిమీద వచ్చిన రెండు పుస్తకాలు వరసగా చదవండి, తమాషా తెలుస్తుంది.

మొదటిది మారిస్ ఎర్జోగ్‌ది. 1950 జూన్ 3న ఆయనా, లాషెనాలూ శిఖరం చేరారు. ఎనిమిది వేల మీటర్లు మించిన కొండల్లో మనిషి మొదట ఎక్కింది ఇదే. దిగుతూ ఎర్జోగ్ చేతి తొడుగులు పోగొట్టుకున్నాడు. మంచు దెబ్బకి కాలివేళ్లన్నీ, చేతివేళ్లు చాలావరకూ తీసెయ్యాల్సి వచ్చింది. ఆస్పత్రిలో ఉండగా చెప్పి రాయించిన పుస్తకం. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది, కాదనను. కానీ వేళ్లు పోవడం కూడా ఏదో తపఃఫలంలా చెబుతాడాయన! పాపం లాషెనాల్, వెనక్కి పోదామనుకుని కూడా, ఇతను ఒక్కడూ వెళితే తిరిగి రాడని వెంట నడిచాడు. అతని కాలివేళ్లూ పోయాయి. ఆయన రాసుకున్నది కత్తిరింపులు లేకుండా అచ్చయింది 1996లో.

రెండోది అమెరికన్ అర్లీన్ బ్లమ్ రాసింది, 1980లో వచ్చింది. ఆవిడ అంతకుముందు ఒక కొండ యాత్రకి వస్తానంటే, బేస్ క్యాంపు దాకా వచ్చి వంటలో సాయం చెయ్యొచ్చన్నారట. 1978లో ఆవిడే, తనతో కలిపి పదమూడు మంది ఆడవాళ్ల జట్టుతో అన్నపూర్ణకి బయల్దేరింది. డబ్బుకోసం టీషర్టులు అమ్మారు.

నాకు నచ్చింది శిఖరం ఘట్టం కాదు. ముందు ఎవరు వెళ్లాలి, షేర్పాలు వెంట ఉండాలా అక్కర్లేదా అన్న తగాదాలన్నీ దాచకుండా రాసింది. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలి అవస్థే ఆవిడది. తను మాత్రం పైదాకా ఎక్కలేదు.

అక్టోబరు 15న శిఖరానికి బయల్దేరే వేళ పిరో క్రామర్ తన వేలికి మంచు దెబ్బ తగిలిందని గమనించింది. ఆవిడ కంటి డాక్టరు, ఆపరేషన్లు చెయ్యాల్సిన చెయ్యి. అంతే, ఆగిపోయింది. ఎర్జోగ్ పుస్తకం చదివి ఇది చదివితే, ఆ ఆగిపోవడం ఎంత పెద్దదో తెలుస్తుంది. ఐరీన్ మిల్లర్, వెరా కొమార్కోవా ఇద్దరు షేర్పాలతో వెళ్లి ఎక్కేశారు.

అక్కడితో సరిపోయేది. కానీ షేర్పాలు వెంట ఉంటే అది ఆడవాళ్ల విజయం ఎలా అవుతుందన్నది ఆలిసన్ చాడ్విక్ పట్టుదల. ఆవిడా, వెరా వాట్సనూ షేర్పాలు లేకుండా రెండో జట్టుగా పైకి వెళ్లారు. తిరిగి రాలేదు. నాయకురాలు వద్దనాల్సిందా? బ్లమ్ తన సందేహాలు చెప్పుకుంటుంది గాని, ఒకరికి రుజువు చూపించాలన్న పంతం ప్రాణాలమీదికి ఎలా తెస్తుందో ఆ మాట దగ్గర కలం కాస్త మెత్తబడిందనిపించింది నాకు. స్నేహితురాళ్లు కదా, ఎలా రాస్తుంది!

వాళ్లని వెతుకుతూ పైకి వెళ్లింది షేర్పాలే.