బాగున్న రోజుకు పగ్గం

నొప్పి ముదిరిన రోజున ఎలా ఉండాలో కీళ్లవాతం ఉన్న మనిషికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ రోజు పెత్తనమంతా ఒంటిదే. కూర్చోమంటే కూర్చుంటాం, పడుకోమంటే పడుకుంటాం. నేర్చుకోవాల్సిందంతా బాగున్న రోజు గురించే. పొద్దున లేవగానే వేళ్లు హాయిగా ముడుచుకుంటాయి, కాఫీ గ్లాసు చేతిలో నిలుస్తుంది, మోకాలు చెప్పిన మాట వింటుంది. ఇక ఆగుతామా! అన్నాళ్లూ పేరుకుపోయిన పనులన్నీ వరసకట్టి కనిపిస్తాయి. దుప్పట్లు నానబెడతాం, అటక మీద సామాను దించుతాం, కందిపప్పు చెరిగి డబ్బాలకెత్తుతాం. సాయంత్రానికి ‘ఇయ్యాల భలే చేశాను’ అని మనల్ని మనమే మెచ్చుకుంటాం. తెల్లారేసరికి మంచం దిగలేం.

ఈ జబ్బుతో ఏళ్ల తరబడి వేగాక నాకు అబ్బిన విద్య ఒక్కటే: బాగున్న రోజున ఆగడం. చెప్పినంత తేలిక కాదు. మా రెడ్డిగూడెంలో, అందులోనూ ఏప్రిల్, మే నెలల్లో, మరీ కష్టం.

మాది మామిడి మండలం. 2022లో కృష్ణా జిల్లా పోయి ఎన్టీఆర్ జిల్లా అయ్యాం గానీ, మెట్ట మెట్టే, తోటలు తోటలే. బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయ. పక్వానికొచ్చిన కాయ ఎవరి మోకాలు నిమ్మళించేదాకా చెట్టున ఆగదు. గాలివాన ఆగదు, నున్న మార్కెట్లో ధర ఆగదు. చిక్కాలతో మగవాళ్లు కోసి దించుతుంటే సొన ఆరబెట్టడం, కాయ ఏరడం, ట్రేల్లో పేర్చడం ఆడవాళ్ల పని. అది అయిపోతే ఇంట్లో ఆవకాయ. అంతకు ముందు నెలల్లో మిరపకోత, పత్తితీత. పత్తి తీసేటప్పుడు బొటనవేలూ దాని పక్కన రెండు వేళ్లూ పొద్దస్తమానం గిల్లుతూనే ఉండాలి. పైగా కూలి కిలోల లెక్కన. కీళ్లవాతం ఉన్న కూలిమనిషి బాగున్న రోజున ఆగితే కొంగున పడాల్సిన డబ్బులు పోతాయి. పడిపోయిన రోజుల కూలి కూడా ఆ రోజే రాబట్టుకోవాలని చూస్తుంది. అందుకని ‘ఆగు’ అనే సలహా అందరికీ ఒకే ధరకు దొరకదని ముందే ఒప్పుకోవాలి.

మా వైపు ఏ నొప్పికైనా ‘కీళ్లనొప్పులు’ అనే ఒక్కటే పేరు. వయసుతో మోకాలి చిప్పల దగ్గర వచ్చే అరుగుదల వేరు. యూరిక్ ఆసిడ్ పెరిగి కాలి బొటనవేలు మండిపోయే గౌట్ వేరు. 2006లో ఊళ్లకి ఊళ్లని మంచాన పడేసిన చికున్‌గున్యా నెలల తరబడి మిగిల్చిపోయిన నొప్పులు వేరు. నాకున్న ఈ కీళ్లవాతం రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీలు లోపలి పొర మీద పడుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. వేళ్ల మొదళ్లూ నడిమి కణుపులూ మణికట్లూ, చాలావరకు రెండు వైపులా ఒకేలా వాస్తాయి. అరుగుదల నొప్పి ఉన్నవాళ్లు పొద్దున లేచాక అరగంటలోపే సర్దుకుంటారు. మాకు ఆ బిగువు గంట దాటినా వదలదు. వాపును రేపే రసాయనాలు తెల్లవారుజామునే రక్తంలో ఎక్కువవుతాయట. అందుకే పొద్దుటి పూట చూసి రోజంతటికీ తీర్పు చెప్పకూడదు. పదింటికి కదిలే చేయి ఆరింటికి కదలకపోవచ్చు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఏ పనీ చేయకపోయినా, ఏ నియమమూ తప్పకపోయినా, ఒక్కోసారి జబ్బు తనంతట తనే తిరగబెడుతుంది. అప్పుడు ‘నేనేం చేశానా’ అని తవ్వుకోవడం దండగ. అది డాక్టరు చూసుకోవాల్సిన సంగతి. మనం అతిగా చేసి కొనితెచ్చుకునే నొప్పి ఇంకొకటి. మన చేతిలో ఉన్నది ఆ రెండోదే. అలాగని పూర్తిగా కదలకుండా కూర్చుంటే కండలు సన్నబడి కీలుకి ఆసరా పోతుంది. కదలాలి, కానీ కొలతగా.

ఆ కొలత నాకు ఇలా కుదిరింది. ఒక బరువు పని అయ్యాక ఒక కూర్చునే పని. ఉతుకు, ఇల్లు కడగడం ఒకే పూట పెట్టుకోను. ఇంకా కాస్త చేయగలననిపించినప్పుడే లేచిపోతాను. నొప్పి వచ్చాక ఎవరైనా ఆగుతారు, రాకముందు ఆగడంలోనే ఉంది నేర్పంతా. పెద్ద కీలుతో అయ్యే పని చిన్న కీలుకి అప్పజెప్పను. సంచీ వేళ్లకి తగిలించుకోకుండా మోచేతికి వేసుకుంటాను. కుక్కర్ని పిడి పట్టుకు లేపకుండా రెండు అరచేతుల మధ్య గుడ్డతో ఎత్తుతాను. తడిబట్ట పిండడం మానేశాను. దండెం మీద వేస్తే నీళ్లు అవే కారతాయి. గరిటెలకీ చాకులకీ పాత సైకిలు ట్యూబు ముక్కలు చుట్టించాను. పిడి లావైతే వేళ్లు అంత బిగించక్కర్లేదు. కత్తిపీట అటకెక్కింది. పీట మీద కూర్చుని లేవడం మోకాళ్లకి ఎంత భారమో లేచేవాళ్లకే తెలుసు. బాత్రూంలో కుర్చీ కమోడ్ పెట్టించినప్పుడు ‘అప్పుడే ముసలిదానివయ్యావా’ అన్నవాళ్లు, ఇప్పుడు వాళ్ల ఇళ్లకి మేస్త్రి ఎవరని నన్నే అడుగుతున్నారు. గాజుల సంగతి వేరే. వాచిన కణుపు మీదుగా గాజు ఎక్కదు, నిమ్మళంగా ఉన్నప్పుడు ఎక్కిన గాజు తిరగబెట్టాక దిగదు. తెరిచి మూసే గాజులకి మారాను.

ఆవకాయ దగ్గర మాత్రం మా అత్తయ్యతో పెద్ద పంచాయితీ అయింది.

“ముక్కలు బజార్లో కొట్టిస్తావా? టెంక సరిగ్గా తెగదే అమ్మాయ్!”

“మీరు పక్కన నించోండి అత్తయ్యా, ఆ భయానికి వాడే సరిగ్గా కొడతాడు.”

నించుంది. వాడూ సరిగ్గానే కొట్టాడు. ఉప్పు, కారం, ఆవపిండి పాళ్లు నా చేత కొలిపించి, కలపడం మా తోడికోడలికి అప్పజెప్పింది. ఆ ఏడు పచ్చడికేం లోటు రాలేదు.

లోకంతో వచ్చే చిక్కు కూడా బాగున్న రోజు నుంచే వస్తుంది. “నిన్న తోటలో చూశాగా వదినా, బానే తిరుగుతున్నావు” అంటుంది పక్కింటావిడ. ఆవిడ అబద్ధమాడలేదు. నిన్న బానే తిరిగాను. మనిషికి ఉంటే జబ్బుండాలి, లేకపోతే ఆరోగ్యం ఉండాలి. మధ్యలో ఇటూ అటూ ఊగడాన్ని చూసేవాళ్లు నమ్మరు. వైకల్యానికిచ్చే సదరం ధ్రువపత్రం కోసం శిబిరానికి వెళ్లినా అంతే. శాశ్వతంగా వంగిన వేలుని కొలవగలరు, నెలలో ఎన్ని పొద్దులు మంచం దిగలేకపోయామో కొలిచే టేపు లేదు. ఇక పథ్యాలకైతే లెక్కే లేదు. వంకాయ వాతం, గోంగూర వాతం, దుంపలు వాతం. వంకాయ వల్ల ఈ జబ్బు వస్తుందని తేల్చిన ఆధారమేదీ లేదు. పొగతాగడం మాత్రం దీన్ని తెచ్చిపెడుతుందనీ, ఉన్నదాన్ని ముదరబెడుతుందనీ గట్టిగా తేలింది. నా కంచంలో వంకాయ మానిపించిన పెద్దమనుషుల్లో ఒక్కరూ అరుగు మీద చుట్ట మానలేదు.

బాగున్న రోజు చేసే అన్నిటికంటే పెద్ద కీడు మందుల దగ్గర. నొప్పి లేదు కదా అని మాత్ర ఆపేస్తాం. నొప్పి వచ్చినప్పుడు నొప్పిబిళ్ల మింగుతాం. నొప్పిబిళ్ల గంటలో పనిచేస్తుంది, కీలు లోపల జరిగే అరాచకాన్ని మాత్రం ఆపలేదు. ఏళ్ల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకి చేటు. పక్కనున్న ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బుతో ఎన్ని కుటుంబాలు నలిగాయో మా కళ్లముందు సంగతి. దాని కారణాలు వేరే చర్చ, కానీ ఆ ఇళ్లు చూశాక చీటీ లేకుండా నొప్పిబిళ్లలు కొనబుద్ధి కాదు. అసలు మందు నెమ్మదిది. మెథోట్రెక్సేట్ పని తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అది వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. అందుకే మా ఇంట్లో క్యాలెండర్ మీద ఆ రోజు చుట్టూ సున్నా చుట్టి ఉంటుంది. రక్తపరీక్షలు డాక్టరు చెప్పిన గడువుకి, బాగున్నా సరే, చేయించుకోవాలి.

ఈ మాత్ర వెనక మనవాడొకాయన ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి 1923లో అమెరికా వెళ్లాడు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ అణువునే కాస్త మార్చి, దాని పనికి అడ్డుపడే మందులు తయారుచేశారు. మొదట అమినోప్టెరిన్, వెనకే మెథోట్రెక్సేట్. 1948లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌తో పిల్లల రక్తకాన్సర్ తాత్కాలికంగా తగ్గడం చూపించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. 1951లో అమినోప్టెరిన్ కీళ్లవాతం మీద కూడా పనిచేస్తుందని గమనించారు. మెథోట్రెక్సేట్‌కి ఈ జబ్బు కోసం అమెరికాలో అనుమతి దొరికింది 1988లో. దాని చెడు తగ్గించడానికి మాకు రాసే రెండో మాత్ర ఫోలిక్ ఆసిడ్. చీటీలో ఉన్న రెండు మాత్రలూ ఆ ఒక్క బృందం చేతి చలవే.

సుబ్బారావు పోయిన మరుసటి నెలలో, మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ మొదటిసారి ఒక కీళ్లవాతం రోగికి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చాడు. కదలలేని మనిషి కొద్దిరోజుల్లో లేచి నడిచింది. 1950లో హెంచ్‌కి నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. తర్వాత తెలిసింది, ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం వాడితే మొహం ఉబ్బుతుందనీ ఎముకలు గుల్లబారతాయనీ. డాక్టరు కొలిచి, కొన్నాళ్లకి ఇస్తే అది ఈనాటికీ మంచి మందే. పేరులేని పొట్లాల్లో స్టెరాయిడ్ కలిపి ఇచ్చేవాళ్ల దగ్గరే ప్రమాదం. మూడు రోజుల్లో లేపి తిప్పే పొట్లం మీద మా ఊళ్లో ఉన్న గురి, మూడు నెలలు పట్టే మాత్ర మీద లేదు. వైద్యలోకమంతా ఒకప్పుడు మోజుపడిన బాగున్న రోజే ఆ పొట్లంలోనూ అమ్ముడుపోతోంది.

ఇదంతా చదివి ఇంట్లో ఉన్న కీళ్లవాతం మనిషిని ఇక పనే ముట్టుకోనివ్వకుండా కూర్చోబెట్టకండి. అది ఇంకో శిక్ష. మా ఇంట్లో నేను నొప్పితో పడుకున్న రోజున అందరూ చుట్టూ చేరతారు, ఒకరు కాళ్లు పడతారు, ఒకరు కాఫీ తెస్తారు. సంతోషమే, కానీ ఆ రోజున వాళ్లు మాత్రం చేయగలిగేది ఏముంది? మనిషి సాయం అక్కరకొచ్చేది నేను హుషారుగా దుప్పట్లు నానబెడుతున్నప్పుడు. అప్పుడు వచ్చి సగం బకెట్ లాక్కోండి. ‘చేయగలనులే’ అని నేను కసురుకుంటాను. అయినా లాక్కోండి.