పానీ, టోటో, అమ్మ

మా మనవడికి అయిదేళ్ళు. వాడి ఫైలు అప్పుడే నా సర్వీసు రిజిస్టరంత లావైంది. ఆటిజం, ఎదుగుదలలో జాప్యం, వాటికి తోడు మాట అప్రాక్సియా. మొదటి రెండూ ఇరుగుపొరుగుకు ఎలాగో చెప్పుకున్నాం. మూడోదే చెప్పలేక చస్తాం. చెవి బాగుంది, నాలుక బాగుంది. అనాలనుకున్న మాటకు ఏది ముందు కదలాలో ఏది తర్వాతో మెదడు వరస కట్టలేదు, అంతే. పొద్దున అన్న మాట సాయంత్రానికి దొరకదు. "పొద్దున అన్నావు కదరా, ఇప్పుడేటీ మొండితనం?" అని నేనే కసిరేవాణ్ణి. సంగతి తెలిశాక ఆ పూట అన్నం సయించలేదు.

బెంగాల్‌లో ఒక రైల్వే ఊరు మాది. అక్కడి సుభాష్‌పల్లిలో మా ఇంట తెలుగు, గడప దాటితే బంగ్లా, రైల్వే వాళ్ళతో హిందీ. బెంగాల్ నాగపూర్ రైల్వే నాడు మా తాత విజయనగరం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చినప్పటి నుంచీ ఇంతే. ఈ మూడు భాషల గందరగోళం వల్లే మాట రావట్లేదని, తెలుగు మానేయమని ఒక డాక్టరు చెప్పారు. కోడలు ఎనిమిది నెలలు వాడితో హిందీయే మాట్లాడింది. ఆమెది బజారు హిందీ. బేరమాడడానికి పనికొస్తుంది గానీ బిడ్డను బుజ్జగించడానికి చాలదు. ఇంట్లో మాటలే తగ్గిపోయాయి. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. మా ఇంట్లో మేమే తీసేశాం.

హౌరా లోకల్ ఎక్కి కలకత్తాలో చూపిస్తే అక్కడి స్పీచ్ థెరపిస్టు తల పట్టుకుంది. ఎక్కువ భాషలు వినడం వల్ల ఈ జబ్బు రాదు, ముదరదు. మీకు నిండుగా వచ్చిన భాషలోనే మాట్లాడండి అంది.

అప్పుడు గమనించాను. వాడికి 'నీళ్ళు' రాదు, అందులో నాలుక మెలిక ఎక్కువ. 'పానీ'లో పెదవులు కలిసి విడిపోతే చాలు, పైగా కంటికి కనిపిస్తుంది. 'పా' అంటాడు. బ్యాటరీ రిక్షాకు బెంగాలీల 'టోటో' తీసుకున్నాడు. తల్లికి మాత్రం 'అమ్మ'. తన నోటికి లొంగినవి మూడు భాషల్లోంచీ ఏరుకుంటున్నాడు.

ఇక నేను నేర్చుకున్న విద్య, ఒకటి అడిగి ఊరుకోవడం. మనసులో పది లెక్కపెట్టాలి. ముప్పై ఏళ్ళు రైల్వే సిగ్నల్ కేబిన్‌లో పనిచేసినవాణ్ణి. ముందు బండి దాటి లైన్ క్లియర్ వస్తే గానీ రెండోది వదలకూడదని నాకొకరు చెప్పాలా? అయినా వాడి మీదికి ప్రశ్న వెనుక ప్రశ్న తోసేసేవాణ్ణి. బిస్కెట్ ప్యాకెట్లు కత్తిరించి బొమ్మల అట్టలూ చేశాను. బొమ్మలు చూపిస్తే మాట నేర్వడని చుట్టాలు భయపెట్టారు. అట్ట చూపిస్తూనే 'బి' అన్నాడు మొన్న.

వైకల్య సర్టిఫికెట్ గురించి ఒక్క ముక్క. 1995 వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే, ఆటిజం లేదు. 2016 చట్టంలో 21. వాటిలో ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్ళకు విడిగా ఒక వర్గం. అడగండి, మొహమాటపడకండి.

నిన్న సాయంత్రం గోల్‌బజారుకు బయల్దేరాం. "దేన్లో వెళ్దామురా?" అని ఊరుకున్నాను. ఆరు, ఏడు. వాడి పెదవులు కదులుతున్నాయి. ఇంతలో టోటో వచ్చి ఆగింది. "కొథాయ్ జాబేన్, దాదా?" అని, ఎక్కడికని అడిగాడు టోటో కుర్రాడు. ఆగమని చెయ్యి చూపించాను. ఆ కుర్రాడు మా ఇద్దరి వంకా చూసి, హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తొమ్మిది.