పల్లకీ దిగని యాత్రాగ్రంథాలు

విదేశయాత్రా గ్రంథాలకు మనకిప్పుడు కొరత లేదు. హోటలు, జలపాతం, రచయితగారి ఆశ్చర్యం: చాలావాటిలో ఇంతే సరుకు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్నంనుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. పల్లకీలో తిరిగిన కంపెనీ కాలపు ఉద్యోగి, విప్లవకారుడేమీ కాడు. అయినా మజిలీమజిలీకీ నీటివసతి, దొరికే సామాను, బాట అవస్థ రాసిపెట్టాడు. ‘కాశీయాత్రచరిత్ర’ నేటికీ చదివిస్తున్నది అందుకే. పల్లకీ మోసిన బోయీల మాట మాత్రం బోయీల నోట వినబడదు.

ఏలూరునుంచి కొల్లేరు చూడబోయేవారి రచనలకూ ఇదే గీటురాయి. ఆటపాక గూడబాతులను వర్ణించడానికి పుటలు చాలవు. 2006లో ప్రభుత్వం చేపలచెరువుల గట్లు తెగగొట్టించింది. అప్పుడు పెట్టుబడి పెట్టినవాడు పోగొట్టుకున్నదెంత, గట్టుమీద కూలిచేసిన వడ్డివాడు పోగొట్టుకున్నదెంత? పడవ తోసే మనిషి ఎదుటే ఉన్నాడు. అడిగిన యాత్రికుడేడీ?