పెరటి చెట్టు వైద్యం

చదువుకున్న చోటికే ఆటల కోచ్‌గా తిరిగి రావడంలో ఒక సుఖమూ ఒక చిక్కూ ఉన్నాయి. మైదానం తెలుసు, మనుషులు తెలుసు, పిల్లలు ఏ ఇళ్ల నుంచి వస్తారో, పొద్దున ఏం తిని వస్తారో తెలుసు. అది సుఖం. అక్కడివాళ్లకు కూడా ఆ కోచ్ సంగతంతా తెలుసు. మొన్నటిదాకా నిక్కరేసుకుని తమ కళ్లముందు పరుగెత్తినవాడు ఇవాళ మెడలో విజిల్ వేసుకుని ఇలా ఆడండి, అలా ఆడండి అంటుంటే లోకువగా చూసేవాళ్లు ఉండనే ఉంటారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్లు ఊరికే అనలేదు. అది చిక్కు.

ఈ ఉద్యోగానికి ఎక్కువ పేరు తెచ్చిపెట్టింది అమెరికా కాలేజీ ఫుట్‌బాల్. పేరు ఫుట్‌బాలే అయినా, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతుల్లో పట్టుకుని పరుగెత్తే ఆట అది. నార్వేలో పుట్టిన నూట్ రాక్నీ నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడి జట్టుకే ఆడి, 1914లో పట్టా పుచ్చుకుని, అక్కడే రసాయన శాస్త్ర ప్రయోగశాలలో సహాయకుడిగా చేరాడు. 1918లో అదే జట్టుకు ప్రధాన కోచ్ అయ్యాడు. 13 సీజన్లలో 105 మ్యాచ్‌లు గెలిచి, 12 మాత్రమే ఓడాడు. 1931లో విమాన ప్రమాదంలో పోయేనాటికి ఆ పదవిలోనే ఉన్నాడు. అలబామా విశ్వవిద్యాలయంలో 1933 నుంచి 1935 వరకు ఆడిన బేర్ బ్రయంట్‌ది ఇంకో దారి. మేరీలాండ్, కెంటకీ, టెక్సస్ ఏ అండ్ ఎం జట్లకు పనిచేసి, అమ్మ పిలిచిందంటూ 1958లో సొంత కాలేజీకి వచ్చేశాడు. 25 సీజన్లు ఉండి ఆరు జాతీయ టైటిళ్లు సంపాదించాడు. ఒకడు గడప దాటకుండానే గురువయ్యాడు. మరొకడు ఊళ్లు తిరిగి పని నేర్చుకుని వచ్చాడు.

హైదరాబాద్‌లో వీళ్లతో పోల్చదగినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్ల నోట ‘రహీం సాబ్’. ఆయన చేతికి వచ్చింది ఒక కాలేజీ జట్టు కాదు, తాను చదివి, ఆడి, పాఠాలు చెప్పిన నగరానికి చెందిన జట్టు. ఆ నగరం నుంచే దేశం జట్టుకు వెళ్లాడు. 1950 నుంచి 1963లో చనిపోయేదాకా సాగిన ఆయన శిక్షణను గమనిస్తే, సొంత గడ్డ మీది కోచ్ ఎక్కడ బలవంతుడో, దేనికి జాగ్రత్తపడాలో తెలుస్తుంది.

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివాడు. అది 1918లో మొదలైన, ఉర్దూలో పై చదువులు చెప్పిన విద్యాసంస్థ. ఇవాళ అందరికీ తెలిసిన ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో గాని సిద్ధం కాలేదు. కాబట్టి ఆయన చదివిన ఉస్మానియా ఇంకా సొంత గోడలు లేని ఉస్మానియా. అక్కడ విశ్వవిద్యాలయ జట్టుకు ఆడాడు, తర్వాత స్థానిక లీగ్‌లో క్లబ్బులకు ఆడాడు. డిగ్రీ అయ్యాక బడిపంతులు ఉద్యోగంలో చేరాడు.

పనిచేసిన బళ్లలో కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్ ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట మీదుగా కోఠికి వెళ్లేవాళ్లకు మూసీ దగ్గర తగిలేదే ఈ చాదర్‌ఘాట్. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, చివరి బళ్లలో ఆటల బాధ్యత కూడా తీసుకున్నాడు. కోచ్‌గా ఆయన పద్ధతికి మూలం ఇక్కడే కనిపిస్తుంది. తరగతి గదిలో మాస్టారికి పిల్లల్ని ఏరుకునే వీలుండదు. చురుకైనవాడూ మందకొడివాడూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. పాఠాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కా వచ్చేదాకా చేయించి, పరీక్ష పెట్టి, తప్పిన చోటికి మళ్లీ వెళ్లాలి. రహీం ఫుట్‌బాల్‌నూ అలాగే ముక్కలు చేశాడు.

ఆయన పెట్టించిన విచిత్రమైన పోటీలే దీనికి సాక్ష్యం. ఒకదాంట్లో ఆటగాడు తనకు అలవాటు లేని కాలితోనే బంతిని తన్నాలి. కుడికాలివాడికి ఎడమకాలే గతి. ఇలాంటి ఆట మొదట్లో చూడ్డానికి నవ్వులాటగానే ఉంటుంది. బంతి ఒకవైపు, తన్నినవాడు ఒకవైపు పోతారు. గోలు ముందు నిలబడ్డవాడు కూడా కాలు మార్చుకోలేక తడబడతాడు. కానీ మామూలు మ్యాచ్‌లో ఎదుటివాడు వచ్చి కుడివైపు మూసేసినప్పుడు ఆ ఎడమకాలే ఆదుకుంటుంది. ఇంకో పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి తగిలిందంటే వెంటనే ఇంకొకడికి అందించాల్సిందే. అలా ఆడేవాడు బంతి వచ్చాక ఆలోచిస్తానంటే కుదరదు, వచ్చేలోపే ఎవడు ఖాళీగా ఉన్నాడో చూసి పెట్టుకోవాలి. బంతి లేని పదిమందికీ కూడా పని పడుతుంది, నిలబడి చూస్తే పాస్ అందదు. పొట్టివాళ్లకు వేరే టోర్నమెంట్లు పెట్టించాడు.

ఇవన్నీ హైదరాబాద్ పిల్లల్ని చూసి కట్టిన పాఠాలు. ఎక్కువమంది పేద, మధ్యతరగతి ఇళ్లవాళ్లు. ఒళ్లు పెద్దది కాదు, కాళ్లకు బూట్లు లేవు. ఎగిరి తలతో కొట్టే ఆట, భుజంతో నెట్టే ఆట వీళ్లకు నప్పదు. నేలబారున, దగ్గర దగ్గరగా, వేగంగా బంతిని తిప్పే ఆట నప్పుతుంది. బయటి నుంచి వచ్చిన కోచ్‌కు ఈ సంగతి అర్థమవడానికి కొన్నేళ్లు పట్టేది. రహీం అదే గల్లీల్లో పెరిగినవాడు.

1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్‌గా వచ్చాడు. ఆ ఏడాదే జట్టు డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా జట్టు మోహన్ బగాన్‌ను ఓడించింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తాదే అనుకునే రోజుల్లో అది చిన్న గెలుపు కాదు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలుచుకుంది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ 1956లో, 1957లో హైదరాబాద్‌కు వచ్చింది. పోలీసు ఉద్యోగం ఆటగాళ్లకు నెల జీతం ఇచ్చింది. రహీం శిక్షణ ఇచ్చాడు. ఈ రెండిట్లో ఏది లేకున్నా ఇన్ని కప్పులు వచ్చేవి కావు.

దేశం జట్టుతో ఆయనకు మొదటి పెద్ద గెలుపు 1951లో వచ్చింది. ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ 1-0తో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం తెచ్చుకుంది. మరుసటి ఏడాదే తల బొప్పి కట్టింది. హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1. మనవాళ్లలో ఎక్కువమంది ఉత్తికాళ్లతో ఆడారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరయ్యాయి. రహీం ఈ ఓటమిని పాఠంగా తీసుకున్నాడు. ఐరోపా జట్లు, ముఖ్యంగా హంగరీ, ఆటగాళ్లను మైదానంలో ఎలా నిలబెడుతున్నాయో గమనించి పాత అమరికను పక్కనపెట్టాడు. వెనక నలుగురు, మధ్య ఇద్దరు, ముందు నలుగురు ఉండే 4-2-4 పద్ధతి వైపు జట్టును నడిపించాడు. ప్రపంచం ఆ పద్ధతిని బ్రెజిల్ పేరుతో గుర్తుపెట్టుకుంది 1958 ప్రపంచకప్ తర్వాతే.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఫలితం కనిపించింది. ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాను భారత్ 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో 4-1తోనూ, కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తోనూ ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకంటే పైకి ఎప్పుడూ వెళ్లలేదు. ఆ జట్టులో హైదరాబాద్ ఆటగాళ్లు చాలామందే ఉన్నారు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం వాళ్లలో ఒకడు, అప్పటికి ఇరవై ఏళ్లవాడు. శిక్షణకు హైదరాబాద్ రావడానికి చేతిలో డబ్బుల్లేవంటే, సైకిల్ అద్దెకు రహీమే ఇచ్చాడట. సొంత ఊరి కోచ్‌కు ఇలాంటివి చెప్పకుండానే తెలుస్తాయి. కాళ్లలో ఆట ఉండి, రానూపోనూ ఖర్చులేక ఆగిపోయే పిల్లవాడు ప్రతి పేటలోనూ ఉంటాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ హంగరీకి 2-1తో, పెరూకు 3-1తో ఓడిపోయింది. ఆ రెండు మ్యాచ్‌లలోనూ మన తరఫున గోల్ కొట్టింది ఈ బలరామే.

పెరటి చెట్టుకు అసలు పరీక్ష ఎంపిక దగ్గర వస్తుంది. మావాడు, మా బడివాడు, మా వీధివాడు అన్న మాటలు సొంత కోచ్ చెవిలో పడినన్ని ఇంకెవరికీ పడవు. ఒకణ్ని తీసుకుంటే పక్షపాతం అంటారు, వద్దంటే కృతఘ్నుడంటారు. దీనికి రహీం ఇచ్చిన జవాబు 1962 జకార్తా ఆసియా క్రీడల జట్టులో ఉంది. బెంగాల్ నుంచి చున్నీ గోస్వామి, పీకే బెనర్జీ, పంజాబ్ నుంచి జర్నైల్ సింగ్, హైదరాబాద్ నుంచి బలరాం, యూసుఫ్ ఖాన్. గోస్వామి కెప్టెన్. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాత థాయ్‌లాండ్‌ను, జపాన్‌ను గెలిచి సెమీస్‌కు చేరారు. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో జర్నైల్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆయన డిఫెండర్, తలతో బంతి కొట్టడం ఆయన పనిలో సగం. కుట్లున్న తలతో వెనక ఆడించడం కుదరదు. ఇంకొకరైతే బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్లు. రహీం ఆయన్ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. జర్నైల్ కాలేజీ రోజుల్లో ముందు వరసలో ఆడినవాడే. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద ఒక గోల్ కొట్టాడు, 3-2తో గెలిచారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వనందుకు భారత ప్రతినిధి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పడంతో జకార్తా జనం మనవాళ్ల మీద మండిపడుతున్నారు. స్టేడియమంతా ఎగతాళి కేకలు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో భారత్ స్వర్ణం గెలిచింది.

అప్పటికే రహీంకు ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963 జూన్ 11న చనిపోయాడు. భారత్ మళ్లీ ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం గెలవలేదు. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచాక తెలుగు రాష్ట్రాలకు ఆ ట్రోఫీ రాలేదు. అయితే ఆయన నాటిన విద్య పూర్తిగా పోలేదు. కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 ఒలింపిక్స్ జట్టులో ఉండి, తర్వాత ఫిఫా రెఫరీగా, కోచ్‌గా పనిచేశాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ నుంచి ఎదిగిన సయ్యద్ నయీముద్దీన్ 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. తర్వాత దేశానికి కోచ్ అయ్యాడు, 1990లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్నాడు.

ఇప్పుడు కోచ్ కావడానికి దారి వేరు. 1961లో పాటియాలాలో మొదలైన జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా ఇస్తుంది. ఫుట్‌బాల్‌కైతే ఆసియా సమాఖ్య లైసెన్సులు మెట్లుమెట్లుగా ఉంటాయి. బయటి కోచ్‌లు కూడా గెలిపిస్తారు. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయినప్పుడు కోచ్ స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్. ఆయనకు ఇచ్చింది సిద్ధమైన వృత్తి ఆటగాళ్లను. పదేళ్ల పిల్లవాడిలో ఆటగాణ్ని పసిగట్టే పని మాత్రం ఇప్పటికీ బడిలో పీఈటీ సార్‌దే.

ఆ పని ఎలా జరుగుతుందో తూర్పు హైదరాబాద్‌లో చూడొచ్చు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. నిన్న వెనక బెంచీలో నోట్సు రాసుకున్నవాడు ఇవాళ అదే గదిలో పాఠం చెప్పడం అక్కడ మామూలు. సంస్థలు అలాంటివాళ్లను కోరి పెట్టుకుంటాయి, ఎందుకంటే ఏ లెక్క దగ్గర పిల్లలు జారిపడతారో వాళ్లకు తెలుసు. రెండు స్టేషన్లు దాటి విక్టోరియా మెమోరియల్ దగ్గర దిగితే, ఆరో నిజాం కాలం నాటి అనాథ పిల్లల ఆశ్రమం, దాని మైదానం ఉన్నాయి. ఆటలకు సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం కూడా ఈ చుట్టుపక్కలే. ఎల్బీ నగర్ దాకా ఉన్న ప్రైవేటు బళ్లలో చాలావాటికి మైదానమే లేదు. ఉన్నచోట కూడా పదో తరగతి రాగానే ఆటల పీరియడ్ లెక్కలకో సైన్స్‌కో పోతుంది. తాము ఆడిన మైదానానికే సాయంత్రాలు వచ్చి, సున్నంతో గీతలు గీసి, పిల్లలకు బంతి పరిచయం చేసే పాత ఆటగాళ్లకు జీతమూ ఉండదు, హోదా కూడా ఉండదు.

రహీం జీవితం చూస్తే సొంత చోటి కోచ్ నెగ్గడానికి మూడు కావాలి. మొదటిది సమయం. సిటీ పోలీస్ ఆయనకు పదమూడేళ్లు ఇచ్చింది, నోటర్ డేమ్ రాక్నీకి అన్నేళ్లే ఇచ్చింది. ఒక్క సీజన్ ఓడగానే పంపించేసే చోట ఎడమకాలి టోర్నమెంట్లు పెట్టే తీరిక ఎవరికీ ఉండదు. రెండోది బయటి చూపు. ఇంటి విద్య చాలనుకుంటే హెల్సింకీ తర్వాత కూడా ఉత్తికాళ్లతోనే ఆడేవాళ్లు. మూడోది, తెలిసినవాళ్ల మధ్య ఉంటూనే తెలిసినతనాన్ని ఎంపిక జాబితా దాకా రానివ్వకపోవడం. ఈ మూడూ కుదిరితే పెరటి చెట్టు మందు పనిచేస్తుంది. మొదటిదాన్ని సంస్థ ఇవ్వాలి, మిగతా రెండూ కోచ్ తెచ్చుకోవాలి.