మా ఇస్కూలు ఇంగ్లీషు

మా నాన్న బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఫిట్టరు. మేముండేది మాత్రం రైల్వే క్వార్టర్లలో కాదు, తెలిపారాలో ఒక అద్దె వాటాలో. గానుగాడి నూనె తీసే తేలీల పేట కాబట్టి దానికాపేరు. గడప లోపల శ్రీకాకుళం తెలుగు, గడప దాటితే ఛత్తీస్‌గఢీ, బళ్లో హిందీ. ఇంగ్లీషు నాకు నాలుగో భాష.

పలాస దగ్గరి పల్లె నుంచి మా తాత ఇంత దూరం రావడానికి కారణం రైలే. 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న లైను బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వెళ్లింది. బిలాస్‌పూర్ కూడా ఆ కంపెనీదే. ఉత్తరాంధ్ర కుర్రాళ్లు ఖరగ్‌పూర్‌కీ ఇక్కడికీ అలా చేరారు. కాబట్టి పని కోసం ఊరు వదలడం మా ఇంట్లో కొత్తేమీ కాదు. నేను దేశమే దాటాను, అదీ ఇంగ్లీషు చెప్పడానికి. ఆ సంగతి చెప్తే మా అమ్మమ్మ నమ్మలేదు. "ఇంగ్లీషోళ్ల బాస నువ్వు సెప్పడమేటమ్మా?" అంది.

అమ్మమ్మ బడిని "ఇస్కూలు" అనేది. తెలిపారాలో నా తోటి పిల్లలూ "ఇస్కూల్" అనేవాళ్లు. నేనూ అంతే. ఆరో తరగతిలో మా ఇంగ్లీషు మాస్టారు ఆ ముందరి "ఇ"ని ఎలా వదిలించారో ఇప్పటికీ గుర్తుంది. అప్పట్లో యార్డులో ఆవిరి ఇంజన్లు ఇంకా తిరుగుతుండేవి. "ఇంజను ఆవిరి వదిలేటప్పుడు ఏమంటుంది?" అని అడిగారు. క్లాసంతా "స్‌స్‌స్‌స్" అంది. "ఆ ఆవిరి ఆపకుండానే కూలు అనండి" అన్నారు. స్‌స్‌స్‌కూల్. ఆ రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చేదాకా దారిలో స్టేషన్, స్టోర్, స్పూన్ అనుకుంటూ నడిచాను. ఆయన ఇంగ్లండు చూడలేదు. కానీ మా నాలుక ఎక్కడ తట్టుకుంటుందో ఆయనకు తెలుసు. ఒకప్పుడు ఆయన నాలుకా అక్కడే తట్టుకుంది మరి.

గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఇంగ్లీషు చేశాక చాలా ఏళ్లు ముందు గదిలో ట్యూషన్లు చెప్పాను. ఒక చిన్న ప్రైవేటు బడిలోనూ పనిచేశాను. ఆ తర్వాత విదేశాల్లో ఇంగ్లీషు టీచర్లు కావాలన్న ప్రకటనలకు దరఖాస్తులు పెట్టడం మొదలుపెట్టాను. వచ్చిన జవాబులన్నీ ఒకే తీరు: మీ చదువు బాగుంది, అనుభవం బాగుంది, కానీ ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లే కావాలి. దక్షిణ కొరియా భాషా బోధన వీసా కోసం ఏడు దేశాల పాస్‌పోర్టులను లెక్కలోకి తీసుకుంటుంది: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. 2010 జనవరిలో భారత్, కొరియాల ఆర్థిక ఒప్పందం అమల్లోకి వచ్చాక మనవాళ్లకు సహాయ ఉపాధ్యాయులుగా ఒక చిన్న తలుపు తెరుచుకుంది. అదీ తగిన అర్హతలుంటేనే.

మాతృభాషవాళ్లే కావాలన్న ఈ నమ్మకానికి ఒక చరిత్ర ఉంది. 1961లో ఉగాండాలోని మకరేరేలో కామన్‌వెల్త్ దేశాల సమావేశం జరిగింది. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాడే ఆదర్శ ఉపాధ్యాయుడన్న అభిప్రాయం అక్కడ బలపడింది. అది భ్రమ అని రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో పుస్తకం రాశాడు. పుస్తకం వచ్చి ముప్పై ఏళ్లు దాటినా ప్రకటనల్లో ఆ వాక్యం పోలేదు. మరోపక్క, 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీషుగా మొదలై ఇప్పుడు ఇఫ్లూ అని పిలుచుకుంటున్న సంస్థకు, ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఎన్నో దేశాల నుంచి విద్యార్థులు వస్తూనే ఉన్నారు. మన దగ్గరికి వస్తే మనం గురువులమే. మనం వాళ్ల దగ్గరికి వెళ్తేనే పుట్టుక అడుగుతారు. ఈ అన్యాయం గురించి నేను మెల్లగా మాట్లాడలేను.

పుట్టుక అడగని దేశం ఇథియోపియా. అక్కడి పిల్లలు హైస్కూలు నుంచి పాఠాలన్నీ ఇంగ్లీషులోనే చదవాలి. హైలే సెలాసీ చక్రవర్తి కాలం నుంచే వాళ్ల బళ్లలో భారతీయ ఉపాధ్యాయులు వందల మంది ఉండేవారు. 2000 తర్వాత కొత్త విశ్వవిద్యాలయాలు వరసగా తెరిచినప్పుడు ఆంధ్ర నుంచి అధ్యాపకులు చాలామంది వెళ్లారు. నేను 2009లో వెళ్లాను. వెళ్లేముందు ఆరు నెలలు కాగితాలతోనే సరిపోయింది. డిగ్రీ పత్రాల మీద రాష్ట్రం ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర. అపోస్టిల్ ఒప్పందంలో ఉన్న దేశాలకైతే ఈ చివరి మెట్టు ఉండదు. అంతకుముందు ఒక ఏజెంటు మరో దేశంలో ఉద్యోగం చూపిస్తానని నా రెండేళ్ల ట్యూషన్ డబ్బులు పట్టుకుపోయాడు. మన ప్రభుత్వం దగ్గర నమోదైన ఏజెంటు ఇప్పుడు గరిష్ఠంగా తీసుకోదగ్గ రుసుము ముప్పై వేలు, దానిమీద పన్ను. హద్దు దాటి అడిగినవాడి గది నుంచి లేచి వచ్చేయాలని అప్పుడు నాకు చెప్పినవాళ్లు లేరు.

నాకు పని దొరికిన ఊరు గోందర్. నా ముందు మొదటి సంవత్సరం విద్యార్థులు. మొదటి రోజు, వెనక బెంచీ కుర్రాడు లేచి ఆటల గురించి చెప్తూ "ఇస్పోర్ట్" అన్నాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అమ్మమ్మ గొంతు అంత దూరంలో వినిపించింది.

ఆ తర్వాత అమ్హారిక్ కొంచెం కొంచెం నేర్చుకుంటుంటే ఒక్కో పొర విప్పుకుంది. వాళ్ల వాక్యంలోనూ క్రియ చివరే. వాళ్ల అక్షరాలకూ మన గుణింతంలాంటిదే ఉంది, ఒక్కో హల్లుకు ఏడు రూపాలు. బోర్డు మీద ల, లా, లి, లు, లే, లో అని తెలుగులో రాసి చూపిస్తే, ఒకమ్మాయి వచ్చి పక్కనే వాళ్ల వరస రాసింది. మనం "నిన్న వచ్చిన అబ్బాయి" అన్నట్టే వాళ్లూ విశేషణాన్ని ముందు పెట్టి, అబ్బాయిని చివర పెడతారు. ఇంగ్లీషులో అబ్బాయి ముందొచ్చి, నిన్న రావడం వెనక వస్తుంది: ద బాయ్ హూ కేమ్ ఎస్టర్‌డే. వాళ్లు పదేపదే తడబడేది అక్కడే. నిబంధన చెప్తే ఎక్కలేదు. కాగితం ముక్కల మీద మాటలు రాసి, ముందు వాళ్ల వరసలో పేర్పించి, తర్వాత చివరి ముక్కను ముందుకి జరిపించాను. "మీ అబ్బాయి ఊరేగింపు చివర వస్తాడు, వీళ్ల అబ్బాయి ముందు నడుస్తాడు" అన్నాను. ముప్పై మంది ముక్కలు జరుపుతుంటే గది అంతా కాగితాల గలగల. లండన్‌లో పుట్టినవాళ్లు కూడా నేర్చుకుంటే ఇది చెప్పగలరు. నాకు మాత్రం అది చిన్నప్పుడే తగిలిన దెబ్బ.

నాకు రానివీ ఉన్నాయి. మన "వ" ఒకటే. వెస్ట్ అంటే పడమరా, లోపల వేసుకునే బనియనా అన్నది నా నోట తేడా తెలిసేది కాదు. పడమర అనే మాటలో పెదాలు గుండ్రంగా చుట్టి అనే శబ్దం వాళ్ల భాషలో ఉంది. ఆ విషయం క్లాసులోనే ఒప్పుకుని, అనిపించుకుని, నేర్చుకున్నాను. ఆ తర్వాత వాళ్లు తప్పులకు భయపడటం తగ్గింది.

నాలుగేళ్లు పనిచేసి వచ్చేశాను. బయటికి వెళ్లడం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. 2015 జులైలో లిబియాలోని సిర్త్‌లో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఇద్దరు తెలుగు అధ్యాపకులు బందీలయ్యారు. 2016 సెప్టెంబరులో గానీ విడుదల కాలేదు. ఆ పధ్నాలుగు నెలలూ పేపరు తీసినప్పుడల్లా ముందు ఆ వార్త కోసమే వెతికేదాన్ని. జీతం అంకె కంటే ముందు మీరు వెళ్లబోయే ఊళ్లో ఉన్న మనవాళ్లెవరితోనైనా మాట్లాడండి.

ఇప్పుడు మా సందు చివరి ఇంటి అమ్మాయి సాయంత్రాలు నా దగ్గరికి వస్తోంది. కేంబ్రిడ్జి వాళ్ల సెల్టా కోర్సుకు వెళ్లాలని. నాలుగు వారాలు, నూట ఇరవై గంటలు, అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి. నా లెక్కలో ఆ ఆరు గంటలకే మొత్తం ఫీజు చెల్లు. మొన్న ఒక దరఖాస్తు నింపుతూ "అత్తా, మాతృభాష అన్నచోట ఏం రాయాలి?" అంది. తెలుగు అని రాయమన్నాను. రాయలేక కాసేపు పెన్ను పట్టుకు కూచుంది. తర్వాత రాసింది.

"ఇప్పుడు పాఠం చెప్పు, నాకు ఒక్క ముక్కా రాదనుకో" అన్నాను. వంటింట్లోంచి చెంచా తెచ్చి నా ముందు పైకెత్తింది. "ఇస్పూను" అన్నాను. అమ్మాయి నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, పళ్లు దగ్గరగా పెట్టి చూపించి, నా వంకే చూస్తూ ఆవిరి వదిలింది. స్‌స్‌స్‌స్.