శ్వాసనాళముల పరీక్ష: బొమ్మ ఒక్కటే చాలునా?

స్కాను తీసినచో ఊపిరితిత్తులలోని ప్రతి జబ్బును బయటపడునను నమ్మకము నేడు ప్రబలముగా నున్నది. అనకాపల్లి జిల్లాలోని పరవాడ వంటి చోట ఈ నమ్మకమును పరిశీలించుట అవసరము. అచట 2,000 మెగావాట్ల సింహాద్రి బొగ్గు విద్యుత్కేంద్రమును, ఔషధ పరిశ్రమల నగరమును కలవు. 2020 జూన్ నెలాఖరున ఆ నగరములోని ఒక కర్మాగారమున విషవాయువు వెలువడి ఇద్దరు మరణించిరి. దుమ్ము, వాయువుల నడుమ పనిచేయువారి శ్వాసను తగిన పద్ధతిలో పరీక్షింపవలెను గదా!

పాత పద్ధతులలో మొదటిది వినుట. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెన్నెక్ స్టెతస్కోపును కనిపెట్టెను. ఇరుకైన నాళమున గాలి పిల్లికూతలు కూయును. కాని ఆ యిరుకు ఎంతయో చెవి కొలువలేదు. 1846లో ఆంగ్ల వైద్యుడు హచిన్సన్ స్పైరోమీటరుతో ఊపిరిని కొలుచుట నేర్పెను. నేటి స్పైరోమీటరు కాలమును కూడ లెక్కించును. గట్టిగా ఊదిన 4 లీటర్ల గాలిలో మొదటి సెకనున 2.4 లీటర్లే వెలువడినచో అది 60 శాతము. పెద్దలలో ఇది 70 శాతమునకు తగ్గినచో నాళములు ఇరుకైనవని సాధారణముగా తలంతురు.

బొమ్మ తీయు పద్ధతులకు 1895లో రాంట్‌జెన్ కనుగొనిన ఎక్సు కిరణములు మూలము. 1971లో రోగులపై మొదలైన సి.టి. స్కాను శరీరమును పొరలుపొరలుగా చూపును. ఆ పొరలను కంప్యూటరు కూర్చి నాళము లోపలి దృశ్యమును కల్పించును. గొట్టమువంటి బ్రాంకోస్కోపు దూరలేని యిరుకునకు ఆవలి భాగము సైతము ఇందు కానవచ్చును. అయితే పొర నిజమైన రంగును చూచుటకు, పరీక్షకై ముక్కను తీయుటకు బ్రాంకోస్కోపే కావలెను.

అంతకు మించిన లోపము వేరొకటి కలదు. 2 మిల్లీమీటర్లకంటె సన్నని నాళములు మామూలు స్కానులో స్పష్టముగా కనబడవు. ఉబ్బసరోగి ఎక్సురే తరచు నిర్దోషముగానే యుండును. కొళాయి గొట్టపు బొమ్మను చూచి నీరెంత వచ్చునో చెప్పగలమా? బిందె పట్టి చూడవలసినదే.

స్పైరోమీటరుకును లోపములు లేకపోలేదు. రోగి సరిగా ఊదనిచో లెక్క తప్పును. ఒక శాఖలో పెరుగు చిన్న కంతిని అది పసిగట్టలేదు. కాని దానియందు కిరణముల బాధ లేదు. ఛాతీ ఎక్సురేకు సుమారు 0.1 మిల్లీసీవర్టు కిరణశక్తి తగులగా, మామూలు సి.టి.కి సుమారు 6 మిల్లీసీవర్టులు తగులును.

కావున కార్మికులను ఏటేట పరీక్షించుటకు ఊదుడు పరీక్షయే ముందు నిలువదగినది. అందు తేడా కనబడినప్పుడు, లేదా వైద్యునికి అనుమానము కలిగినప్పుడు స్కాను, ఆపై బ్రాంకోస్కోపు రావలెను. ఎక్సురే బాగున్నదన్న కాగితము ఒక్కటే చూచి ఆయాసపడువానిని ఆరోగ్యవంతుడనుట శాస్త్రీయము కాదు.