కోతకు ముందరి గంట

నాలుగడుగులు వేసేసరికి పిక్కలు పట్టేసి, పోనుపోను పడుకున్నా పాదం మండుతూ, వేలి కొసన లేచిన చిన్న పుండు నెలలు గడిచినా మానని దశకు చేరిన రోగికి, పూడుకుపోయిన ధమనిని తప్పించి రక్తానికి పక్కనుంచి కొత్త దారి వేసే శస్త్రచికిత్సే కాలి బైపాస్. చీలమండ లోపలి వైపు నుంచి గజ్జ దాకా చర్మం కిందే సాగే పొడవాటి సిరను ఈ దారికి వాడవచ్చునని 1948లో పారిస్‌లో జాఁ కున్లాఁ అనే శస్త్రవైద్యుడు చేసి చూపించాడు.

ఈ శస్త్రచికిత్సలో భయమంతా గజ్జ దగ్గరి కోత గురించే. అక్కడ చర్మం ముడతపడి చెమ్మగా ఉంటుంది, మలమూత్ర ద్వారాలు దగ్గర, పైగా కోసే దారిలో తెగిన లింఫు నాళాల నుంచి ఊరే ద్రవం గాయాన్ని ఆరనివ్వదు. సిర పనికిరాక కృత్రిమ గొట్టం వేసినచోట స్టెఫిలోకాకస్ జాతి సూక్ష్మజీవులు చేరితే, అవి గొట్టానికి జిగురు పొరలా అంటుకుని, మందుకు చిక్కకుండా బతుకుతాయి. అప్పుడు గొట్టాన్నే తీసేయవలసి రావచ్చు, కాలూ పోవచ్చు, ఒక్కొక్కప్పుడు కుట్టు తెగి ప్రాణమే పోవచ్చు.

ఈ సూక్ష్మజీవులను అడ్డుకోవడానికి ఇచ్చే యాంటీబయాటిక్ మందు నెత్తురుతోపాటే ప్రయాణిస్తుంది కనుక నెత్తురు సరిగా అందని కాలికి మందూ సరిగా అందదన్నది నిజమే. ఆ లోటును మందు ఇచ్చే రోజులు పెంచి పూడ్చాలనుకోవడంలోనే పొరపాటుంది. గినీ పందులపై శస్త్రవైద్యుడు జాన్ బర్క్ 1961లో ప్రచురించిన ప్రయోగాల్లో, సూక్ష్మజీవి చర్మంలోకి చేరేనాటికే మందు అక్కడ ఉంటే పుండు చిన్నదైంది, మూడు గంటలు ఆలస్యమైతే మందు ఇచ్చినా ఇవ్వకున్నా ఒకటే అయింది. రక్తనాళాల శస్త్రచికిత్సల్లో సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చినవారినీ ఇవ్వనివారినీ పోల్చి 1978లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో, గాయం చెడినవారు మందు లేనప్పుడు నూటికి 6.8 మంది కాగా, మందు పడ్డప్పుడు 0.9కి తగ్గారు.

అందుకే తెల్లని పొడిని నీటిలో కలిపి, మత్తు వైద్యుడు చేతి సిరలోకి ఎక్కించే ఆ రెండు గ్రాముల సెఫజోలిన్, కత్తి చర్మాన్ని తాకడానికి ముందరి అరవై నిమిషాల్లోనే పడాలి. సిరను పొడవునా విడదీసి, రెండు కొసలా కుట్టేసరికి గంటలు దొర్లిపోతాయి కనుక, మొదటి మోతాదు పడిన నాలుగు గంటలకు గాని, నెత్తురు బాగా పోయినప్పుడు గాని మరో మోతాదు అవసరమవుతుంది; ఆపరేషన్ హడావుడిలో చాలా తేలిగ్గా మరిచిపోయేది ఈ రెండో మోతాదునే. మామూలు మందులకు లొంగని స్టెఫిలోకాకస్ రోగిలో ఉందని తెలిసినప్పుడు ఇచ్చే వాంకోమైసిన్‌ను గంటకు పైగా నెమ్మదిగా ఎక్కించాలి కాబట్టి, దాన్ని మరింత ముందుగా మొదలుపెట్టాలి.

కుట్లు పడ్డాక నివారణ మోతాదు కొనసాగించనక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే సూచించినా, ఐదు రోజులు, ఏడు రోజులు ఇంజెక్షన్లు సాగే అలవాటు ఇంకా పోలేదు. ఆ అలవాటు వెనుక ఉన్నది నిర్లక్ష్యం కాదు, చేతిలో పెట్టిన కాలు పోతుందేమోనన్న ఆరాటం. కానీ షుగరు వల్ల మూత్రపిండాలు అప్పటికే నలిగిపోయిన రోగికి ఆ అదనపు రోజులు విరేచనాలనూ, మొండికెక్కిన సూక్ష్మజీవులనూ తెచ్చిపెట్టగలవే గాని గాయాన్ని కాపాడవు. పాదంలో ముందే చీము ఉంటే సంగతి వేరు: అది నివారణ కిందికి రాదు, చికిత్స, చీము తీసి, పరీక్షకు పంపి, వచ్చిన ఫలితాన్నిబట్టి మందును ఎంచి, ఎన్నాళ్లు కావాలో అన్నాళ్లూ ఇవ్వవలసిందే. ఈ రెండింటినీ కేస్ షీటులో ఒకే వరుసలో రాసేస్తే, వార్డులో రాత్రి డ్యూటీకి వచ్చిన నర్సుకు ఏ ఇంజెక్షన్ ఆపాలో, ఏది కొనసాగించాలో తెలిసే దారి ఉండదు.